దెయ్యాన్ని చూసి నవ్వే ఊరు

నమోదు 1

నిన్న మధ్యాహ్నం ఆటలో నా భార్యను చూసి ఊరంతా నవ్వింది.

కొత్తేమీ కాదు. ఆ బొమ్మ వేసిన ప్రతిసారీ నవ్వుతూనే ఉన్నారు. 'ఉప్పు బంగళా' నేను తీసిన దెయ్యం సినిమా. అందులో దెయ్యం హిమబిందు. ఆమె పోయి చాలా ఏళ్లయింది. కింద మైదానంలో వేడికి యంత్రాలన్నీ చచ్చినప్పుడు మా ఫోటోలు, వీడియోలు వాటితోపాటే పోయాయి. ఆమె కదులుతూ, మాట్లాడుతూ కనిపించే చోటు ఇప్పుడు ఈ లోకంలో అదొక్కటే.

ప్రతి ఆట తర్వాత నిల్వశాల కాపలాదారుగా నేను నమోదు రాయాలి. ఏ బొమ్మ వేశారు, యంత్రం సరిగా నడిచిందా, జనం వచ్చారా. ఇంతే రాయమన్నారు. నేను ఎక్కువ రాస్తాను. ఈ ఊళ్లో ఇవి చదివేవాళ్లెవరూ లేరు కాబట్టి మొహమాటం లేదు.

ఈ ఉదయం మంచువలలు పిండే వంతు మా పడకల సాలది. తెల్లారుతూనే కొండ అంచుకు వెళ్లి, రాత్రంతా మంచు పట్టిన వలలను బిందెల్లోకి పిండాలి. నా పక్క వల పైడమ్మది. ఇద్దరు పిల్లల తల్లి, నోటి మనిషి. తడి కొంగు ముఖం మీద వేసుకుని, చేతులు ముందుకు చాచి, హిమబిందు నడిచినట్టు నడిచి చూపించింది. వలల దగ్గరున్న వాళ్లంతా నవ్వారు. నీకు ఒక్క క్షణమైనా భయం వెయ్యలేదా అని అడిగాను.

"వేసీలోపే తోడు చెప్పీసింది తాతా. మైదాపిండీ, ఉప్పూ, జిగురూ అంతే అంది. దెయ్యం కాళ్లు నేల మీదే ఉన్నాయి, కావలిస్తే చూసుకోమంది. చూసినాను. ఉన్నాయి. నవ్వొచ్చీసింది."

పుట్టిన వారానికే చెవిలో తోడు అనే మాట్లాడే యంత్రం పెడతారు ఇక్కడ. పాలకు ఏడ్చినా, ఉరుముకు ఉలిక్కిపడినా అది మాట్లాడుతుంది. చచ్చేదాకా మాట్లాడుతూనే ఉంటుంది. అరవై దాటాక కొండెక్కిన నాలాంటి వాళ్లకు పెట్టరు. చెవి ఒప్పుకోదట. ఈ ఊళ్లో నాకు దక్కిన ఒకే ఒక్క గౌరవం అది.

నమోదు 2

నూకరత్నం వచ్చింది. నిల్వశాఖ అధికారి. నలభై దాటి ఉండవు. నా తరంలో ఆడపిల్లలకు లాస్య, జోషిత అని పెట్టేవారు. ఇప్పుడు మా ముత్తమ్మమ్మల పేర్లు తిరిగొచ్చాయి. పేర్లు తిరిగొస్తాయి గానీ భయాలు రావు.

నిల్వలో చోటు చాలడం లేదట. కొత్త విత్తనాల లెక్కలు, నీటి లెక్కలు దాచుకోవాలి. అందుకని బొమ్మలు ఏరుతున్నారు. ఏ రకం కింద నమోదైన బొమ్మ ఆ పని చెయ్యాలి. ఏడుపు బొమ్మకు ఏడవాలి, హాస్యానికి నవ్వాలి, భయానికి భయపడాలి. జనం ఏం అనుభవించారో వాళ్ల తోడులు నిల్వశాఖకు చెబుతాయి. పని చెయ్యని బొమ్మను చెరిపేస్తారు. ఉప్పు బంగళా భయం కింద ఉంది. ఏడాదిగా ఒక్క మనిషి భయపడలేదు.

ఆమె చెడ్డది కాదు. కూర్చుని, నేను ఇచ్చిన కషాయం తాగి, గొంతు తగ్గించి చెప్పింది.

"హాస్యం కింద రాయించీండి సాకేత్ గారూ. ఎలగూ నవ్వుతున్నారు. బొమ్మ బతికిపోతాది."

"అది హాస్యం కాదు."

"నాకు తెలుసు. కానీ ఆవిడ బతుకుతాది కదా."

నిజమే. ఒక్క మాట మారిస్తే హిమబిందు ఉంటుంది. గవర్రాజు చేతిలో ఉంటుంది. అతను ఆట నడుస్తుండగా తెర పక్కన నిలబడి వ్యాఖ్యానం చెప్పే వెటకారి. మొన్నటి ఆటలో ఆమె మెట్ల మీదికి రాగానే, "ఒదినా, మొకం కడుక్కుని రా, కషాయం చల్లారిపోతంది" అన్నాడు. జనం పడిపడి నవ్వారు. హాస్యం కింద రాయిస్తే అతని మాటలు కూడా బొమ్మతోపాటే దాస్తారు. ఇక ఎప్పటికీ ఆమె వెనక ఆ గొంతు ఉంటుంది.

అడుక్కునే పని లేదు, భయపెట్టి చూపిస్తాను అన్నాను. పరీక్ష ఆట ఒకటి ఇస్తామంది. కరెంటు కోత వల్ల గంటకు మించకూడదు.

నమోదు 3

ఉజ్వల్ వచ్చాడు. పిలవలేదు. ఈ ఊళ్లో పిలవకుండా రావడమే మర్యాద. ఏ గదికీ తలుపు లేదు. కొండ మీది చల్లగాలి అందరిదీ అని, దానికి అడ్డం కట్టకూడదని నియమం. పోయిన నెల వెలుతురు పడకుండా మంచం చుట్టూ దుప్పటి వేలాడదీస్తే, పక్క మంచాలవాళ్లు నాకు ఒంట్లో బాగాలేదనుకుని వరసగా వచ్చి పలకరించారు.

ఉజ్వల్ గురించి రాయాలి. పెద్ద పత్రికలో సినిమా విమర్శలు రాసేవాడు. ఉప్పు బంగళాలో ఒక గది ఉంటుంది. ఉప్పుటేరు పొంగి చుట్టూ నీళ్లు కమ్మితే, హిమబిందు ఆ గదిలో తలుపేసుకుని, సాయం కోసం పిలుస్తూ ఉంటుంది. అక్కడే చచ్చి దెయ్యమవుతుంది. ఆ గది గురించి ఉజ్వల్ ఇలా రాశాడు: 'ఒక స్త్రీ గదిలో కూర్చుంటుంది. ప్రేక్షకుడు హాల్లో కూర్చుంటాడు. ఇద్దరిలో ఎవరు ముందు చస్తారన్నదే కథ.' ఊరూరా ఆ వాక్యం చెప్పుకుని నవ్వారు. నా తర్వాతి సినిమా ఆగిపోయింది. ఆ వాక్యం నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు.

అతనే ఇప్పుడు పాత భయచిత్రాల అభిమాన సంఘానికి అధ్యక్షుడు. పరీక్ష సంగతి విని మద్దతు తెలపడానికి వచ్చాడట. బియ్యప్పిండి, కాటుక, గుడ్డబొమ్మలతో భయం పుట్టించిన ఆ కాలపు అమాయకత్వం ఎంత అందమైనదో చాలాసేపు చెప్పాడు. మీకు భయం వేసిందా అని ఒకే ఒక్కటి అడిగాను. భయం ముఖ్యం కాదు, ఆస్వాదన ముఖ్యం అన్నాడు. యాభైలోనే కొండెక్కాడు కాబట్టి అతని చెవిలో తోడుంది. మాట్లాడుతూ మధ్యమధ్య తల ఊపుతాడు. నాకు కాదు, దానికి.

నవ్వేవాళ్ల మీద కన్నా ఇలాంటి వాళ్ల మీద నాకు కోపం. గవర్రాజు నా దెయ్యాన్ని వదిన చేశాడు. వీళ్లు దాన్ని గాజు పెట్టెలో పెట్టి చుట్టూ ఉపన్యాసం చెబుతున్నారు.

నా చిన్నతనంలో దెయ్యం సినిమాకు వెళ్తే, హాల్లో ఎవరో ఒకరు నిజంగా కేక పెట్టేవారు. ఆ కేకకు మిగతా వాళ్లు బిగుసుకునేవారు. తర్వాత, దెయ్యం ఎప్పుడు వస్తుందో ముందే చెప్పగలిగే జనం వచ్చారు. అది తెలివి అనుకున్నారు. ఆ పైన, సంగీతాన్ని బట్టి భుజాలెగరేసి, బయటికొచ్చి బజ్జీలు తినే జనం. నేను సినిమా తీసేనాటికి దెయ్యాలను కంప్యూటర్లు చేస్తున్నాయి. వాటికి బరువు లేదని, గడప దాటితే నేల చెక్క కిర్రుమనదని నేను గొడవపడ్డాను. నిజమైన మనిషికి ఉప్పు పూసి, తడిపి, నడిపించాను. అందరూ పాతకాలపువాడన్నారు. ఇప్పుడు అదే మనిషిని చూసి కాళ్లు నేల మీద ఉన్నాయని నవ్వుతున్నారు. ఏ తరానికి ఏం కావాలో నాకెప్పుడూ ఒక తరం ఆలస్యంగా తెలిసింది.

నమోదు 4

బొమ్మను గంటకు కుదిస్తున్నాను. మూడు రోజులుగా కాలు నిలవడం లేదు. తింటూ లేచి వెళ్లి ఒక ముక్క తీసేస్తాను, పడుకుని లేచి మళ్లీ పెడతాను.

దెయ్యం కనిపించే చోటల్లా ఉంచాను. బావి దగ్గర, మెట్ల మీద, అద్దంలో, ఉప్పుమడిలో. వాటి మధ్య ఊపిరి తీసుకునే సందు లేకుండా కలిపాను. తోడు ఒకదాని గురించి చెప్పేలోపు ఇంకొకటి మీద పడాలి. అదీ నా ఆలోచన.

తీసేసినవాటిలో పెద్దది ఆ గది. ఉజ్వల్ వాక్యానికి సిగ్గుపడి, ఇక్కడి ఆటల్లో కూడా దాన్ని ఎప్పుడూ వెయ్యలేదు. ఆ సన్నివేశం నేను కావాలని చిత్రీకరించింది కాదు. బయట వాన ఆగక షూటింగు కుదరలేదు, సినిమా నిడివి చాలలేదు. హిమబిందును గదిలో కూర్చోబెట్టి, గడియ పెట్టించి, అప్పుడప్పుడూ పిలుస్తూ ఉండు అని చెప్పి కెమెరా నడిపించాను. ఉజ్వల్ రాసిన మాటల్లో నేను లోపల్లోపల ఒప్పుకున్నది, ఆ గది విసుగన్నది ఒక్కటే.

నమోదు 5

పరీక్ష ఆట అయింది. నవ్వారు.

ముందుకన్నా ఎక్కువ నవ్వారు. ఒకదాని వెంట ఒకటి వస్తుంటే, చివరికి ఆమె తెర మీదికి రాకముందే నవ్వడం మొదలుపెట్టారు. గవర్రాజు, "ఒదిన ఈ రోజు తీరిగ్గా నేదర్రా, శానా పనులున్నాయి" అన్నాడు. నాకే నవ్వు రాబోయింది. అందుకు అతన్ని క్షమించను.

ఉజ్వల్ లేచి నిలబడి ఒక్కడే చప్పట్లు కొట్టాడు. అది నవ్వుకన్నా హీనంగా ఉంది.

చెరిపివేత ఎల్లుండి.

నమోదు 6

చూడకుండా ఏదీ చెరపకూడదని నిల్వశాఖ నియమం. అధికారి ఒకరు పక్కన కూర్చుని మొత్తం చూసి, చూశానని చెప్పాలి. నూకరత్నం పొద్దున్నే వచ్చింది. కుదించిన గంట ఇదివరకే చూసింది కాబట్టి, మిగిలిన ముక్కలు వెయ్యమంది. గోడ మీద వేశాను. ఆమె గోడకేసి చూస్తూ వేరుశెనగలు ఒలుచుకుంటోంది. నేను హిమబిందును ఆఖరిసారి చూస్తున్నాను.

గది వచ్చింది. హిమబిందు లోపలికి వచ్చి తలుపు మూసింది. గడియ పెట్టింది. లాంతరు వత్తి పెంచింది. మంచం మీద కూర్చుంది. "ఎవరైనా ఉన్నారా?" అని పిలిచింది. ఎవరూ పలకలేదు. జడ విప్పి, చిక్కు తీసుకుని, మళ్లీ అల్లుకుంది. మళ్లీ పిలిచింది. కేక కాదు, పక్క గదిలో ఉన్నవాళ్లను పిలిచినట్టు.

వేరుశెనగలు ఒలిచే చప్పుడు ఆగిపోయింది.

"ఆవిడ తోడు మాటాడదేటి?" అంది నూకరత్నం.

"ఆ రోజుల్లో తోడు లేదు."

"పక్కన ఎవులున్నారు?"

"ఎవరూ లేరు."

"ఎవరూ అంటే? గోడకవతల?"

"ఎవరూ లేరమ్మా. నీళ్లు."

ఆమె లేచి నిలబడింది. చెవి మీద చెయ్యి పెట్టుకుంది. తోడు ఏమంటోంది అని అడిగాను.

"చూస్తన్నానంది. మరేటీ అన్లేదు. అబద్ధమని చెప్పమంటే చెప్పట్లేదు. ఆపీండి తాతా."

ఆపలేదు. ఆపాలన్న సంగతే తోచలేదు. ఇన్నేళ్లలో మొదటిసారి, నా సినిమా చూస్తూ ఒక మనిషి భయపడటం చూస్తున్నాను. దెయ్యం కనిపిస్తే తోడు అది పిండి అని చెప్పగలదు. గదిలో ఒక మనిషి ఒంటరిగా కూర్చుంది, పిలిస్తే పలికేవాళ్లు లేరు. ఇందులో కాదని చెప్పడానికి ఏముంది? నలభై మంచాల సాలలో పుట్టి, చెవిలో మాటతో పెరిగిన మనిషి ఆమె. మూసిన తలుపు జీవితంలో చూడలేదు. గడియ అంటే ఏమిటో నేను తర్వాత చెప్పాల్సి వచ్చింది.

యంత్రాన్ని ఆమే ఆపింది. నా పక్కన కూర్చుని, నా చెయ్యి పట్టుకుని, చాలాసేపు వదల్లేదు. ఆమె తోడు అప్పటికే నిల్వశాఖకు కబురు పంపేసింది. ఇంతటి భయం ఈ కొండ మీద ఎప్పుడూ నమోదు కాలేదట. చెరిపివేత ఆపారు. ఆ ఒక్క ఆటకు కరెంటు కోత ఎత్తేసి, బొమ్మ మొత్తం వేసి చూపించమన్నారు.

నమోదు 7

మొత్తం వేశాం. నూకరత్నం ఎవరికేం చెప్పిందో గానీ కూర్చోవడానికి చోటు లేదు. ఉజ్వల్ వచ్చి నా పక్కనే కూర్చున్నాడు. గవర్రాజు తెర పక్కన సిద్ధంగా నిలబడ్డాడు.

గది రాగానే మొదట ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. గడియ పెట్టినప్పుడు పిల్లలు అదేమిటని అడిగారు. హిమబిందు రెండోసారి పిలిచేసరికి అడగడం మానేశారు. జనం చెవులు తడుముకోవడం మొదలైంది. ఒకరి తర్వాత ఒకరు. తోడులన్నీ మౌనంగా ఉన్నాయి. గవర్రాజు "ఒదినా" అని మొదలుపెట్టి ఆగాడు. చాలా మామూలు గొంతుతో, "ఒదినా, గడియ తియ్యి" అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

ఇదే నేను ఎదురుచూసిన ఘడియ. ఉజ్వల్ వైపు వంగి, అతని వాక్యం అతనికే అప్పజెప్పాను. ఒక స్త్రీ గదిలో కూర్చుంటుంది, ప్రేక్షకుడు హాల్లో కూర్చుంటాడు. ఒక్క అక్షరం తప్పు పోకుండా చెప్పాను. ఇన్నేళ్లూ నోట్లో నలుగుతున్న వాక్యం.

అతను వినలేదు. నా మోచెయ్యి రెండు చేతులతో పట్టుకుని తెరకేసి చూస్తున్నాడు.

హిమబిందు మళ్లీ పిలిచింది. "ఎవరైనా ఉన్నారా?"

ముందు వరసలోంచి పైడమ్మ పలికింది.

"ఉన్నామమ్మా. ఇక్కడే ఉన్నాం."

తర్వాత వెనక నుంచి ఇంకెవరో. తర్వాత పిల్లలు. ఆమె పిలిచిన ప్రతిసారీ ఊరంతా పలికింది. ఉన్నాం, ఉన్నాం అని. కొందరు ఏడుస్తున్నారు. ఉజ్వల్ కూడా అరుస్తున్నాడు, పెట్టుడు పళ్లు కదిలిపోయేలా. ఆమెకు వినపడదు, అది వాళ్లకు తెలుసు. అయినా ఊరుకోలేకపోయారు. నేను పలికానో లేదో రాయను.

లాంతరు ఆరింది. కథలో ఏడాది గడిచింది. తలుపు తెరుచుకుని, ముఖం నిండా ఉప్పుతో, తడి చీరతో హిమబిందు బయటికి వచ్చింది.

అప్పుడు నవ్వారు.

నేను నవ్వులను చాలాకాలంగా అసహ్యించుకుంటున్నాను కాబట్టి వాటి తేడాలు నాకు తెలుసు. ఇది ఆ నవ్వు కాదు. జాతరలో తప్పిపోయిన పిల్ల దొరికితే, ఏడుస్తున్న ముఖంతోనే నవ్వుతారు చూడండి, అది. పైడమ్మ తన పిల్లల్ని దగ్గరికి లాక్కుని, "వచ్చీసింది" అంటోంది. "వచ్చీసింది, చూడండి."

నమోదు 8

నూకరత్నం ఉత్తర్వు తెచ్చింది. కూర్చోలేదు.

గదికి వచ్చిన భయం నిల్వశాఖ పెద్దల్ని కూడా కదిలించింది. గదిని దాస్తారు. ఈ కొండ మీద ఉన్న భయం బొమ్మలన్నింటిలో మొదటి స్థానం దానిదే. నా పేరు కూడా ఉంటుంది. అయితే గది మాత్రమే. దెయ్యం వచ్చిన దగ్గర్నుంచి జనం భయపడలేదు, నవ్వారు. భయం కింద నవ్వుకు చోటివ్వడం కుదరదు. దెయ్యం భాగం చెరిపేస్తారు.

ఉజ్వల్ నాకన్నా ముందే వార్త విని వచ్చాడు. కళ్లు వాచి ఉన్నాయి. అద్భుతం అన్నాడు. ఆ గది ఒక్కటే చాలు, మిగతాది దాన్ని చెడగొడుతోంది, అప్పట్లోనే ఆ మాట రాయాల్సింది అన్నాడు. అప్పట్లో ఏం రాశాడో అతనికి నిజంగానే గుర్తు లేదు. కొట్టాలనిపించింది. కానీ నిన్న నా మోచెయ్యి పట్టుకుని అరిచిన మనిషి కూడా అతనే. ముసలివాడు, ఈ మధ్య నిద్ర కూడా పోయినట్టు లేడు. ఊరుకున్నాను.

నా బతుకంతా అడిగింది ఇదే. ఎవరైనా భయపడాలని. భయచిత్రాల్లో మొదటి పేరు నాది కావాలని. ఇప్పుడు ఇస్తామంటున్నారు. గదిలో హిమబిందు ఉంటుంది. ఆమె ముఖం, గొంతు, జడ అల్లుకునే చేతులు. ఉప్పు పూసిన ముఖం కన్నా అదే ఆమె అసలు ముఖం. ఒప్పుకోకపోవడానికి కారణం లేదు.

మధ్యాహ్నమంతా నిల్వశాలలో అటూ ఇటూ తిరిగాను. గది ముక్క ఒక్కటే వేసి చూశాను. హిమబిందు లోపలికి వచ్చింది, గడియ పెట్టింది, పిలిచింది. లాంతరు ఆరింది. ఆమె బయటికి రాకుండానే బొమ్మ అయిపోయింది. మళ్లీ వేశాను. మళ్లీ లోపలికి వచ్చింది. గడియ పెట్టింది.

నూకరత్నం సాయంత్రం జవాబు కోసం వచ్చింది. ఈసారి గోడ వైపు వీపు పెట్టి కూర్చుంది.

"హాస్యం కింద అయితే మొత్తం ఉంచుతారా?" అన్నాను.

"ఉంచుతారు. చివరికి నవ్వుతున్నారు కదా, అది చాలు. అయితే మొదటి స్థానమదీ ఉండదు తాతా. గవర్రాజు మాటలూ కలిపీస్తారు."

"హాస్యం అని రాయి."

ఆమె నా ముఖంలోకి చూసింది. ఎందుకని అడగలేదు. ఆమె ఆ గది రెండుసార్లు చూసిన మనిషి. రాసింది. నేను సంతకం పెట్టాను.

గవర్రాజును పిలిపించి షరతు చెప్పాను. గదిలో ఆమె పిలుస్తున్నంతసేపూ నోరు మెదపకూడదు, జనం పలుకుతారు. తలుపు తీసుకుని బయటికి వచ్చాక ఆమె అతని వదిన, ఏమన్నా అనుకోవచ్చు.